శుభాకరం గారి అవిభక్త కుటుంబం

విశాఖపట్నం,
3 జులై 1983.

చెల్లెలు దేవకుమారికి అన్నయ్య ప్రేమతో రాస్తున్నది,

ఇక్కడ అందరం కులాసా. మీ వదిన జయశీలకి మోకాళ్ల నొప్పులు. నాకు నా తెలివి తప్ప వేరే జబ్బేమీ లేదు. ఆ జబ్బు ఈ మధ్య కాస్త ముదిరింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నాన్న గాజువాకలో ఇల్లు కట్టినప్పుడు హార్బర్లో ఆయన తోటి క్రేను డ్రైవర్లంతా నవ్వారు, గుర్తుందా? నక్కలు తిరిగే చోట ఇల్లెందుకన్నారు. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక ఇప్పుడక్కడ గోడ నీడకి కూడా అద్దె అడుగుతున్నారు. నాన్న పోయాక ఖాళీగా పడున్న ఇంటిని కిందటేడు కాంట్రాక్టరు గవర్రాజు ఆఫీసుకి ఇచ్చానని రాశాను కదా. నెలనెలా చెక్కు ఇస్తాడు. చెక్కు తీసుకునేటప్పుడు హాయిగానే ఉంటుంది. జూన్ వచ్చేసరికి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ అద్దె చూపించాలా, చూపిస్తే ఎవరిదని చూపించాలి? నా జీతానికి కలిపితే పన్ను ఎగబాకుతుంది. చూపించకపోతే రాత్రి నిద్ర పట్టదు. ఓడల్లోంచి దిగే సరుకుకి పాతికేళ్లుగా లెక్కలు రాస్తున్నాను గానీ, నాన్న ఇచ్చిన సరుకుకి ఎలా రాయాలో తెలియలేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. జూన్ ఆఖరివారంలో ఎవరూ సొంత బుర్ర వాడరు. పక్క టేబులు సన్యాసిరాజు తన ఫారం నింపుతాడు. మిగతావాళ్లం దాన్ని చూసి, పేర్లూ అంకెలూ మార్చి, దించేస్తాం. అతనికి పెందుర్తి దగ్గర తాతల నాటి పొలం ఉంది. నా గోడు చెప్తే నవ్వాడు. "ఏటి బావా, ఇంత సిన్న దానికేటి బెంగ? తండ్రి ఆస్తికి వేరే ఫైలు పెట్టాలి. నీ జీతం ఒక ఫైలు, ఇల్లు ఒక ఫైలు. మినాయింపు రెండు సార్లు వత్తాది. గవర్నమెంటే ఇత్తానంటే వద్దనడానికి మనమెవులం?" అన్నాడు.

కుమారీ, ఆ మాట విన్నాక నాకు నేను పెద్ద ఆర్థికమంత్రిలా కనిపించాను. అతని రెండో ఫారం తీసుకుని ఉన్నదున్నట్టు దించాను. అందులో 'హిందూ అవిభక్త కుటుంబం' అని ఒకచోట, 'కర్త' అని ఒకచోట ఉంది. కర్త అంటే ఇంటిపెద్దేగా అని దాని ఎదురుగా నా పేరు రాశాను. అబద్ధమెందుకు, 'హిందూ' అన్న మాట నా కంటపడింది. అయితే మా ఓడలన్నీ హిందూ మహాసముద్రం మీద నుంచే వస్తాయి. వాటి మతం ఏనాడైనా అడిగామా? ఇదీ అలాంటి మాటే అనుకున్నాను. నాన్న పోయినట్టు రుజువు అడుగుతారేమోనని మన చర్చివారిచ్చిన సమాధి సర్టిఫికెట్టు కూడా జతచేశాను. పనంటే అలా పకడ్బందీగా ఉండాలి.

కాబట్టి ఇకనుంచి నీ అన్న ఉత్త హెడ్ గుమాస్తా కాదు, కర్త. మీ వదిన మాత్రం పాలు తెమ్మని ఇదివరకటిలాగే పంపిస్తోంది.

అన్నట్టు, గవర్రాజుకి బీరువాలు పెట్టుకోడానికి గోడ చాలలేదట. వీధివైపు రెండు తలుపుల్లో ఒకటి ఇటుకలతో మూయించుకుంటానన్నాడు. సరేనన్నాను.

సత్యం బావకి నా వందనాలు చెప్పు. నీ ఆసుపత్రిలో మందుల వాసన మధ్య ఈ ఉత్తరం చదివి నవ్వుకో.

నీ అన్న,
కర్త జ్ఞానశేఖర్

---

జయపురం,
15 జులై 1983.

అన్నయ్యకి వందనాలు.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. వార్డులో పేషెంట్లకి కూడా నీ మహాసముద్రం సంగతి చెప్పాను.

తర్వాత మీ బావ ఆ ఉత్తరం మా ఎదురింటి ప్లీడరు గురునాథరావు గారికి సరదాగా వినిపించారు. ఆయన నవ్వలేదు. "అలాంటి కుటుంబంలో పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల మెంబరు కాదమ్మా. మీ అన్నగారు కర్త అని రాసి ఇచ్చారంటే ఇల్లు మగవాళ్లదని సర్కారుకి చెప్పినట్టే" అన్నారు.

అన్నయ్యా, నాకు అద్దె అక్కర్లేదు. ఒక్క సంగతి చెప్పు. నువ్విచ్చిన కాగితాల్లో నా పేరు ఎక్కడైనా ఉందా?

ఇంకొకటి. గవర్రాజు మూసిన తలుపు ఎటువైపుది? కుడివైపుదా, ఎడమవైపుదా?

వదిన మోకాళ్లకి వేడినీళ్ల కాపడం మంచిది. పాలు నువ్వే తేవడం ఇంకా మంచిది.

చెల్లెలు,
దేవకుమారి

---

విశాఖపట్నం,
28 జులై 1983.

చెల్లెలు దేవకుమారికి,

నీ ఉత్తరం అందింది. ప్లీడరు దాకా వెళ్లావని తెలిసి మీ వదిన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం తిన్నాను. నాకు కష్టమొస్తే ఆకలి పెరుగుతుంది, తెలుసుగా.

డబ్బు అక్కర్లేదన్నవాళ్లకే ముందు డబ్బు పంపాలని మా ఆఫీసు అనుభవం. కాంట్రాక్టర్లందరూ డబ్బు అక్కర్లేదనే మొదలుపెడతారు. అందుకని పెంకులు మార్పించిన ఖర్చు పోగా మిగిలిన అద్దెలో సగం మనియార్డరు చేశాను. కూపన్ మీద 'నీ వాటా' అని రాశాను. అంతకన్నా ఎక్కువ రాయడానికి అక్కడ చోటు లేదు. ఇక ప్లీడరు గారికి శ్రమ ఉండదనుకుంటాను.

మూసిన తలుపు కుడివైపుది. తలుపుకేముంది, ఒకటి చాలదా? మనుషులు ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు.

అన్నయ్య,
జ్ఞానశేఖర్

---

జయపురం,
10 ఆగస్టు 1983.

అన్నయ్యకి,

మనియార్డరు తిప్పి పంపాను. పోస్ట్‌మ్యాన్ ఆశ్చర్యపోయాడు. మా వీధిలో ఇంతవరకు ఎవరూ డబ్బు వద్దనలేదట.

నువ్వు లెక్కలవాడివి కాబట్టి లెక్కే అడిగాననుకున్నావు. నేను అడిగింది నా పేరు. కోపంగా రాస్తున్నాను. అందుకే అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, కళ్లజోడు అక్కర్లేకుండా చదువుకో.

నాన్న ఆఖరి రోజుల్లో జీతం లేని సెలవు పెట్టి ఆ ఇంట్లో ఉన్నది నేను. నువ్వు ఆదివారాలు ఆరెంజీలు పట్టుకుని వచ్చేవాడివి. తప్పు పట్టడంలేదు, నీకు డ్యూటీ ఉండేది. రోజూ పొద్దున్న లేవగానే నాన్న ఒకే మాట అనేవాడు. "అమ్మా, రెండు తలుపులూ తియ్యి." ఒకటి చాలదా నాన్నా, ఈగలొస్తాయి అంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకరోజు అడిగాను, ఇంత చిన్న ఇంటికి వీధిలోకి రెండు తలుపులెందుకు పెట్టావని. ఏమన్నాడో తెలుసా? "ఎడందేపుది నీ అన్నది. కుడేపుది నీది. రేపు నాను పోయాక నువ్వొత్తే, లోనికి రానా అని ఎవుల్నీ అడక్కూడదు. నీ తలుపు తీసుకుని నువ్వు రావాల." మేస్త్రీతో దెబ్బలాడి మరీ పెట్టించాడట ఆ రెండో తలుపు.

నువ్వు ఒక తలుపు ఇటుకలతో మూయించావు, ఒక కాగితం మీద నన్ను తీసేశావు. రెండూ ఒకే ఉత్తరంలో, మధ్యలో పాల సంగతి పెట్టి రాశావు. నాకు ఏడుపొచ్చింది, అన్నయ్యా. నా వయసు నలభై దాటింది, ఆసుపత్రిలో నా కింది పాతిక మంది నర్సులు నాకు భయపడతారు. అయినా మందుల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

నేను శుభాకరం గారి కూతుర్నా కాదా? దానికి జవాబు దొరికేదాకా రాయకు.

దేవకుమారి

---

విశాఖపట్నం,
22 సెప్టెంబరు 1983.

దేవకుమారికి,

రాయకు అన్నావు. రాయవలసి వచ్చింది.

ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి నాకు నోటీసు వచ్చింది. నా రిటర్ను గురించి వివరాలు కావాలట, ఫలానా తేదీకి స్వయంగా హాజరు కావాలట. పాతికేళ్ల సర్వీసులో నా మీద ఒక మెమో లేదు. ఆఫీసులో ఈ కవరు నా చేతికిచ్చేటప్పుడు ప్యూను కూడా గొంతు తగ్గించాడు. మనింటి విషయం సర్కారుకి ఎవరు చేరవేశారో నేను అడగను. ఆకాశరామన్న ఉత్తరాలకి ఊరూ పేరూ ఉండవు. ఒక్కోసారి ఎదురింట్లో ప్లీడరు ఉంటాడు, అంతే.

మరోపక్క మన చర్చిలో కూడా సంగతి పొక్కింది. మొన్న ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, నా భుజం మీద చెయ్యి వేసి, "జ్ఞానశేఖర్, పన్ను తప్పించుకోడానికి మతం మారావని వింటున్నాను. నిజమేనా?" అని అడిగారు. స్త్రీల సమాజంలో మీ వదినకి కుర్చీ జరిపి ఇచ్చేవాళ్లు కరువయ్యారు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, నాకు రెండు నాలికలూ ఊడాయి.

నీకు సంతోషమేనా?

జ్ఞానశేఖర్

---

జయపురం,
29 సెప్టెంబరు 1983.
(కార్డు)

అన్నయ్యకి,

నేను రాయలేదు. గురునాథరావు గారూ రాయలేదు. నీ మీద రాసేదాన్నయితే కింద సంతకం పెట్టి రాసేదాన్ని.

భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు. వెళ్లే ముందు కాస్త మజ్జిగ తాగి వెళ్లు, నీకు కంగారులో కడుపు మండుతుంది.

దేవకుమారి

---

విశాఖపట్నం,
19 అక్టోబరు 1983.

నా చెల్లెలు కుమారికి,

ముందుగా ఒక సమాచారం. నా మీద ఆకాశరామన్న ఉత్తరం రాసినవాడు దొరికాడు. నేనే. సంతకం కూడా పెట్టాను.

నిన్న మజ్జిగ తాగి వెళ్లాను. నీ కార్డు చొక్కా జేబులోనే ఉంది. సన్యాసిరాజు కూడా తోడొచ్చాడు గానీ, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆఫీసరు గారు చిన్న వయసువాడు, మెత్తని మనిషి. నా ఫారం ఒక చేత్తో, దానికి జతచేసిన సమాధి సర్టిఫికెట్టు ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు.

"కూర్చోండి. మీరు హిందువులా?" అన్నారు.

"కాదండి. లూథరన్లమండి. మా తాతగారి నాటి నుంచీ."

"అది మీ సర్టిఫికెట్టులోనే కనపడుతోంది. మా గుమాస్తా దీన్ని చూసే నా దగ్గరికి తెచ్చాడు. పోనీ, అవిభక్తులేనా? అందరూ కలిసే ఉంటారా?"

"మా చెల్లెలు జయపురంలో ఉంటుందండి. ఈ మధ్య మా మధ్య సరిగా మాటల్లేవండి."

ఆయన ఫారం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "హిందూ కాదు. అవిభక్తమూ కాదు. మరి కుటుంబమేనా మీరు?"

ఆయన వెటకారంగా అనలేదు, కుమారీ. ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగారంతే. ఏ ప్రశ్నకైనా ఒక ఫైలు నంబరు చెప్పి తప్పించుకునే మనిషిని, ఆ మెత్తని ఆఫీసరు ఎదురుగా కళ్లు తుడుచుకున్నాను. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెప్పించారు. పన్ను ఎగ్గొట్టినవాళ్లు ఎంతోమంది ఆయన ముందు ఏడ్చి ఉంటారు. పన్ను పడకుండానే ఏడ్చినవాణ్ణి నన్నే చూసి ఉంటారు.

తర్వాత వివరంగా చెప్పారు. విల్లు రాయకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తికి ఈ కర్త గొడవే లేదట. అమ్మ కూడా లేదు కాబట్టి ఉన్న పిల్లలకే వస్తుందట. "మీ చట్టంలో కొడుకెంతో కూతురూ అంతే. అద్దెలో సగం మీరు మీ రిటర్నులో చూపించండి. సగం ఆవిడ ఆవిడ రిటర్నులో చూపించుకుంటారు. మీ నాన్నగారికి మీరిద్దరూ సమానమే" అన్నారు. ఆ మాట గవర్నమెంటు ఆఫీసరు నోట వినవలసి వచ్చింది. నాన్న ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో, నాకే వినపడలేదు.

ఒక తెల్లకాగితం ఇచ్చి, శుభాకరం గారి వారసులెవరో రాసి సంతకం పెట్టమన్నారు. ఒకటో పేరు నీదే రాశాను. వయసు ప్రకారం నాదే ముందు రావాలేమో అన్నారాయన. "ఉండనివ్వండి, ఇన్నాళ్లూ నాదే ముందుందండి" అన్నాను.

బయటికొస్తే సన్యాసిరాజు మొహం పాలిపోయి ఉంది. "బావా, నువ్వు కిరస్తానీవన్న ముక్క నాకు తట్టనేదు బావా! మా ఇంట్లో ఏ పండగొచ్చినా బూరెలు తింటావు, మీ పండక్కి కేకు పెడతావు. ఇన్నేళ్లు పక్కనే కూకున్నాం. ఏ మతమో గుర్తెట్టుకోవాల్సిన పనేటి పడింది సెప్పు?" అన్నాడు. అతన్ని తిడదామనే వెళ్లాను. ఆ మాట విన్నాక టీ ఇప్పించాను. అడుసు తొక్కినవాణ్ణి నేను, కాలు కడగమని అతన్నెలా అడుగుతాను?

అటునుంచి అటే గాజువాక బస్సెక్కాను. గవర్రాజు "ఆ తలుపు తీత్తే నా బీరువాలెక్కడ ఎట్టుకోను మాస్టారూ?" అని గోలపెట్టాడు. "నెత్తిన పెట్టుకో" అన్నాను. ఇలాంటి మాట అనగలనని నాకే తెలీదు. వెంటనే భయమేసి అద్దె కాస్త తగ్గిస్తానని కూడా అన్నాను. మేస్త్రీ వచ్చి ఇటుకలు ఊడదీస్తుంటే ఎదురుగా రోడ్డు మీద నిలబడి చూశాను. లోపల తలుపు అలాగే ఉంది, నాన్న వేసిన ఆకుపచ్చ రంగుతో. గొళ్లెం మాత్రం కొంచెం తుప్పు పట్టింది, నూనె రాశాను. మరి వచ్చినప్పుడు నువ్వు ఎవర్నీ అడక్కు.

అనుమానపడినందుకు సిగ్గుపడుతున్నాను. నువ్వు పేరడిగితే డబ్బు పంపినందుకు ఇంకా సిగ్గుపడుతున్నాను. నన్ను క్షమించు, కుమారీ. అయ్యగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. వచ్చే ఆదివారం ప్రసంగంలో చెప్తారేమోనని ఇప్పుడు కొత్త భయం.

మనియార్డరు మళ్లీ చేశాను. ఇది నేను ఇస్తున్నది కాదు, నీ ఆదాయం. తీసుకుంటే రిటర్నులో చూపించాలి. జాగ్రత్త, పక్కవాళ్ల ఫారం చూసి దించకు.

కర్త పదవి ఊడిపోయిన,
నీ అన్న జ్ఞానశేఖర్

---

జయపురం,
5 డిసెంబరు 1983.

అన్నయ్యకి చెల్లెలు కుమారి ప్రేమతో,

మనియార్డరు తీసుకున్నాను. పోస్ట్‌మ్యాన్ "ఈసారి వద్దనరా?" అని గుమ్మం ముందే నిలబడి అడిగాడు.

నీ ఉత్తరం మీ బావా నేనూ రెండుసార్లు చదివాం. మొదటిసారి ఆయన నవ్వారు, నేను ఏడ్చాను. రెండోసారి నేను నవ్వాను. ఆయన మాత్రం కళ్లలో ఏదో పడిందన్నారు. గురునాథరావు గారికీ వినిపించాం. సన్యాసిరాజు గారి పక్కన కూర్చుని పనిచేయాలని ఉందన్నారాయన.

ఇక నా రిటర్ను సంగతి. మా ఆసుపత్రి గుమాస్తా సూరన్న దగ్గర కూర్చుని నేనే నింపాను. మీ ఆఫీసు పద్ధతి పనికిరాలేదు, ఇక్కడ చూసి దించడానికి నాలాంటి ఫారం ఇంకెవరికీ లేదు. నా జీతం ఒక్కటే అయితే పన్ను పడేది కాదట. నాన్న ఇంటి అద్దె కలిపేసరికి గీత దాటింది. ఆలస్యం అయినందుకు వడ్డీ కూడా పడుతుందట. సూరన్నకి నా మీద జాలేసింది. "ఎందుకమ్మా, ఇంత దూరంలో ఉన్నారు, ఈ అద్దె సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి" అన్నాడు.

"ఖాళీగా వదలను సూరన్నా. ఆ గడి కోసమే మా అన్నతో మూణ్ణెల్లు దెబ్బలాడాను" అన్నాను. అతనికేమీ అర్థం కాలేదు.

ఆ గడిలో 'తండ్రి శుభాకరం గారి నుంచి సంక్రమించిన ఇంటిలో సగం వాటా అద్దె' అని రాశాను. అంత పొడుగు అక్కర్లేదట, అంకె చాలట. నేను రాశాను. బ్యాంకులో పన్ను కట్టడానికి లైన్లో నిలబడ్డప్పుడు అందరూ దిగాలుగా ఉన్నారు. నేనొక్కదాన్నే నవ్వుతూ నిలబడితే క్యాషియరు అనుమానంగా చూసి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. చలానా నాన్న ప్రార్థన పుస్తకంలో, మనిద్దరి పుట్టినరోజులు ఆయన చేత్తో రాసిన పేజీ దగ్గర పెట్టాను.

ఇన్నాళ్లూ నాన్న కూతుర్నని ఎవరికైనా చెప్పడానికి డబ్బు ఖర్చవలేదు. ఇకనుంచి ఏడాదికోసారి ఖర్చవుతుంది. అవనీ. ప్రతి జూన్‌లో ఆ మాట సర్కారుకి రాసిచ్చి, పైన పన్ను కట్టి మరీ చెప్తాను.

వేసవి సెలవుల్లో వస్తున్నాం. గవర్రాజుతో చెప్పు, కుడివైపు తలుపు ముందు బీరువా పెట్టొద్దని. నేను కబురు చెయ్యకుండా వస్తాను.

వదినకి మోకాళ్ల నూనె పార్సిలు చేశాను. పాలు ఎవరు తెస్తున్నారో రాయి.

నీ చెల్లెలు,
శుభాకరం గారి కూతురు దేవకుమారి